సాహిత్య విమర్శకు లెక్క ఎందుకు?

కంప్యూటరు సహాయంతో సాహిత్యాన్ని పరిశీలించే పద్ధతి పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో స్థిరపడి చాలా కాలమైంది. దానికి కార్పస్ భాషాశాస్త్రమని పేరు. కార్పస్ అంటే, ఒక ప్రయోజనం పెట్టుకుని, ఒక పద్ధతి ప్రకారం పోగుచేసి, యంత్రం చదవగలిగేట్టు అమర్చిన పాఠసంచయం. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్, లాంకాస్టర్, నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయాలు ఈ విషయాన్ని స్నాతకోత్తర స్థాయిలో బోధిస్తూ వచ్చాయి. ఇప్పుడు మన దగ్గర కూడా తెలుగు ఎం.ఏ. చదివే విద్యార్థులు కొందరు దీని సంగతి అడుగుతున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళ మొదటి ప్రశ్న ఒకటే: "దీనివల్ల సాహిత్యం గురించి మనకు తెలియనిది ఏమైనా తెలుస్తుందా?" ప్రశ్న న్యాయమైనది. జవాబు చెప్పే బాధ్యత ఉపాధ్యాయులమీద వుంది.

ఈ విషయంలో మన విమర్శకులలో రెండు వైఖరులు కనిపిస్తున్నాయి. ఒక వైఖరి ప్రకారం కవిత్వం లెక్కకు అందేది కాదు. ధాన్యం కొలిచే కుంచంతో వెన్నెలను కొలుస్తామా అని వీరి ప్రశ్న. రెండో వైఖరి దీనికి పూర్తిగా ఎదురు. ఇంతకాలం విమర్శ ఎవరి రుచినిబట్టి వారు చెప్పే మాటగా వుండిపోయింది, ఇప్పుడు యంత్రం వచ్చింది గనక ఇకమీదట శాస్త్రమైపోతుందని వీరి ఆశ. మొదటివారు యంత్రాన్ని చూసి భయపడుతున్నారు. రెండోవారు దానికి చేతులు జోడిస్తున్నారు. భయానికీ భక్తికీ మూలం ఒక్కటే. ఆ యంత్రం చేసే పని ఏమిటో దగ్గరికెళ్ళి చూడకపోవడం.

ఈ చర్చ అభ్యుదయ విమర్శకు ప్రత్యేకంగా ఎందుకు అవసరమో ముందే చెబుతాను. మనం రాసే విమర్శ వాక్యాలను ఒకసారి పరీక్షించి చూడండి. "ఈ కవి కావ్యం నిండా శ్రమజీవులే", "భావకవికి 'నేను' తప్ప మరో మాట రాదు", "ఈ నవలలో భాష ప్రజల భాష", "ఆ పత్రిక ఎప్పుడూ యజమానుల పక్షమే". నిండా, తప్ప, ఎప్పుడూ, ఎక్కువగా — ఇవన్నీ పరిమాణాన్ని చెప్పే మాటలు. లెక్కపెట్టకుండానే లెక్కలు చెబుతున్నామన్నమాట. మన దృష్టి శాస్త్రీయమని, ఎదుటివారిది ఆత్మాశ్రయమని చెప్పుకునే మనం, మన వాక్యాలకు మనమే సాక్ష్యం అడక్కపోతే ఎట్లా? లెక్కలవల్ల సాహిత్యానికి హాని కలుగుతుందేమోనన్న ఆందోళనకంటే, లెక్క లేనందువల్ల మన విమర్శకు ఇప్పటికే ఎంత హాని కలిగిందన్న ఆలోచన నాకు ముఖ్యంగా తోస్తుంది.

1

ఈ పద్ధతికి పూర్వచరిత్ర ఒక మతగురువుతో మొదలవుతుంది. రోబెర్తో బూసా అనే ఇటలీ దేశపు జెసూట్ ఫాదిరి, థామస్ అక్వినాస్ రచనలలో 'సాన్నిధ్యం' అనే భావం మీద పరిశోధన చేశాడు. ఆ భావం పెద్దపెద్ద తాత్త్విక పదాలలో కంటే, లాటిన్‌లో 'లో' అనే అర్థమిచ్చే 'ఇన్' అన్న చిన్న మాటలోనే ఇమిడి వుందని ఆయనకు తోచింది. కాని ఆ చిన్నమాట వచ్చిన ప్రతి చోటును వెతికి రాసుకోవాలంటే ఒక మనిషి జీవితకాలం చాలదు. 1949లో ఆయన న్యూయార్కు వెళ్ళి ఐబీఎం కంపెనీ అధిపతి థామస్ వాట్సన్‌ను కలిసి యంత్రసహాయం సంపాదించాడు. సుమారు కోటి పదిలక్షల మాటలకు తయారైన ఆ పదసూచి 1974 నుంచి 1980 వరకు 56 సంపుటాలుగా అచ్చయింది.

ఇందులో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది: బూసాకు ప్రశ్న ముందు పుట్టింది, యంత్రం తర్వాత వచ్చింది. యంత్రం చేతిలో వుంది గనక ఏదో ఒకటి లెక్కపెడదామని ఆయన బయలుదేరలేదు. రెండోది: ఆ కోటి మాటలను కార్డుల మీద రంధ్రాలుగా కొట్టినవాళ్ళు ఇటలీలోని గల్లరాతె పట్టణంలో యువతులు. వాళ్ళకు లాటిన్ రాదు. తప్పులు పోకుండా కొట్టడం వాళ్ళ పని. ఆ మహాకార్యానికి దశాబ్దాలపాటు బూసా పేరే వినిపించింది గాని వాళ్ళ పేర్లు ఎవరికీ పట్టలేదు. జూలియన్ నైహాన్, మెలిస్సా టెర్రస్ వంటి పరిశోధకులు ఇటీవలి సంవత్సరాలలో వాళ్ళ చరిత్రను వెలికితీశారు. యంత్రం చేసిందని మనం అనుకునే పనివెనక మనుషుల శ్రమ దాగి వుంటుందన్నది కార్ఖానాకు ఎంత నిజమో ఈ పరిశోధనకు కూడా అంతే నిజం.

2

లెక్క నిజంగా దేన్ని రుజువు చెయ్యగలదో చూపించే ప్రసిద్ధ ఉదాహరణ అమెరికాలో వుంది. 1787–88 సంవత్సరాలలో, కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ హామిల్టన్, మాడిసన్, జే అనే ముగ్గురు ఒకే మారుపేరుతో 85 వ్యాసాలు రాశారు. వాటిలో 12 వ్యాసాలు హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్న వివాదం చాలాకాలం తెగలేదు. మోస్టెల్లర్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు 1941లో, మరొక సహచరునితో కలిసి, వాక్యాల పొడవు కొలిచి తేల్చబోయాడు. సగటున ఒక్కొక్క వాక్యంలో హామిల్టన్ వాడిన మాటలు ముప్ఫై నాలుగున్నర. మాడిసన్ వాడినవీ ముప్ఫై నాలుగున్నరే. ఆ లెక్క ఎందుకూ కొరగాలేదు.

తర్వాత ఆయనా, డేవిడ్ వాలెస్ అనే మరో శాస్త్రజ్ఞుడూ కలిసి వేరే దారి పట్టారు. రాజ్యాంగం, స్వేచ్ఛ, ప్రభుత్వం వంటి పెద్ద మాటలను పక్కకు పెట్టారు, ఎందుకంటే విషయాన్నిబట్టి అవి ఎవరైనా వాడతారు. రచయిత తనకు తెలియకుండానే వాడే చిన్న మాటలను పట్టుకున్నారు. 'మీద' అన్న అర్థంలో వచ్చే 'అపాన్' అనే మాటను హామిల్టన్ వెయ్యి మాటలకు సుమారు మూడుసార్లు వాడతాడు. మాడిసన్ ఎప్పుడో గాని వాడడు. ఇటువంటి మాటలను పదుల సంఖ్యలో తీసుకుని లెక్కకట్టి, వివాదంలో వున్న వ్యాసాలు మాడిసన్‌వి కావడానికే బలమైన సంభావ్యత వుందని 1964లో వాళ్ళు ప్రకటించారు. చరిత్రకారులు వేరే ఆధారాలతో అంతకుముందే ఆ వైపు మొగ్గారు. లెక్క వాళ్ళ ఆధారాలకు తోడైంది.

ఇది మనకు నేర్పే పాఠం రెండు వైఖరులవారికీ పనికొస్తుంది. లెక్కే సత్యమనేవారు 1941 నాటి వైఫల్యాన్ని చూడాలి. అంకెలు నిర్దుష్టంగా వున్నా, అడిగిన ప్రశ్న గుడ్డిదైతే జవాబు కూడా గుడ్డిదే. లెక్క పనికిరాదనేవారు 1964 నాటి ఫలితాన్ని చూడాలి. రసజ్ఞుడైన పాఠకుడి కంటికి ఎన్నడూ ఆనని 'అపాన్' అనే అల్పమైన మాట, గొప్ప ఉపన్యాసాలు పట్టించలేని రచయితను పట్టించింది. అయితే ఈ లెక్క వ్యాసం ఎవరిదో చెప్పింది గాని, ఆ రాజ్యాంగం ఏ వర్గాల ప్రయోజనాలను కాపాడిందో చెప్పలేదు. అది చెప్పడం దాని పని కాదు.

3

ఒక మాట స్వభావం దాని పక్కన చేరే మాటలనుబట్టి తెలుస్తుందన్నది బ్రిటిష్ భాషాశాస్త్రజ్ఞుడు ఫర్త్ 1950లలో ప్రతిపాదించిన సూత్రం. బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ ఆ సూత్రాన్ని యంత్రానికి ఎక్కించాడు. ఒక మాట వచ్చిన ప్రతి వాక్యాన్నీ తెచ్చి, ఆ మాట నడిమధ్యన నిలువు వరసలో పడేటట్లు పేర్చితే, దాని అటూ ఇటూ చేరే సహచర పదాలు కంటికి కనిపిస్తాయి. 1987లో వెలువడిన కోబిల్డ్ నిఘంటువు ఇట్లా తయారైందే. నిఘంటుకారుడు తన బుర్రలోంచి ఉదాహరణ కల్పించడం మానేసి, జనం రాసిన, మాట్లాడిన వాక్యాలలోంచి ఏరుకోవడం మొదలుపెట్టాడు.

ఈ పద్ధతి అభ్యుదయ విమర్శకు ఎంత ఉపయోగమో తెలుగు ఉదాహరణతోనే చెప్పవచ్చు. 'పాల్పడు' అన్న క్రియను తీసుకోండి. నిఘంటువులో అర్థం ఏదైనా, ఈనాటి పత్రికల భాషలో దాని ముందు చేరే మాటలు ఎటువంటివి? మోసానికి, దోపిడీకి, హత్యకు, అఘాయిత్యానికి. దానానికి పాల్పడ్డాడని ఎవరూ రాయరు. అంటే ఆ క్రియ చెయ్యడాన్ని మాత్రమే చెప్పదు, చేసినదాన్ని నేరంగా కూడా ప్రకటిస్తుంది. "ఆందోళనకారులు రాళ్ళదాడికి పాల్పడ్డారు, పోలీసులు లాఠీలకు పనిచెప్పారు" అన్న తరహా వార్త మనం చదవనిది కాదు. మొదటి వాక్యంలో నేరముంది, నేరస్తుడున్నాడు. రెండో వాక్యంలో పనిచేసినవి లాఠీలు. దెబ్బ తిన్న మనిషి వాక్యంలోనే లేడు. లాఠీచార్జికి ముందు 'స్వల్ప' అనే విశేషణం చేరితే ఆ దెబ్బ మరీ తేలికైపోతుంది.

ఒక్క వార్తను చూపించి ఈ మాట అంటే, ఎదుటివాడు మరో వార్త తెచ్చి కాదనవచ్చు. పది సంవత్సరాల సంచికలు పోగుచేసి, 'పాల్పడు' అనే క్రియకు కర్తలు ఎవరు, పోలీసుల చర్యలకు వాడిన క్రియలు ఏవి అని వరసలు కట్టి చూపిస్తే అది వాదన కాదు, సాక్ష్యం. ఒకవేళ మన అనుమానం తప్పని తేలితే, అదీ మనం తెలుసుకోవలసినదే.

ఇటువంటి పని ఒకటి లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగింది. 1996 నుంచి 2005 వరకు బ్రిటిష్ పత్రికలలో శరణార్థుల గురించీ, వలసవచ్చినవారి గురించీ వచ్చిన వార్తలను 14 కోట్ల మాటల సంచయంగా చేర్చి, పాల్ బేకర్, కోస్టాస్ గాబ్రియెలాటోస్ తదితరులు పరిశీలించారు. శరణార్థుల చుట్టూ పదేపదే చేరిన మాటలలో వరద, ప్రవాహం వంటి నీటి సంబంధమైన మాటలున్నాయి. ఇల్లువదిలి ప్రాణభయంతో వచ్చిన మనిషి, పత్రిక భాషలో ఊరిమీద పడే వరదగా మారాడు. వరదకు కట్టవేస్తారే గాని అన్నం పెట్టరు గదా! పరిశోధకులు అంకెలతో ఆగలేదు. లెక్క చూపించిన చోటికి వెళ్ళి ఆ వార్తలను మనుషులుగా చదివారు, రాజకీయ సందర్భంలో పెట్టి వివరించారు. లెక్కకూ వివరణకూ మధ్య వుండవలసిన సంబంధం ఇదే.

4

ఇంతవరకు చెప్పినదంతా కార్పస్ నమ్మదగినదైతేనే నిలుస్తుంది. అందుచేత ఈ విద్య నేర్చుకునే విద్యార్థి మొట్టమొదట అడగవలసిన ప్రశ్న యంత్రం గురించి కాదు: ఈ సంచయంలో ఎవరి మాటలు చేరాయి, ఎవరివి చేరలేదు?

కంప్యూటరు కోసం తయారైన తొలి ఇంగ్లీషు కార్పస్ అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానిది. 1961లో అచ్చయిన రచనలనుంచి, ఒక్కొక్కటి సుమారు రెండువేల మాటల చొప్పున 500 ముక్కలు తీసుకుని, పదిలక్షల మాటలు చేసి, 1964లో నెల్సన్ ఫ్రాన్సిస్, హెన్రీ కుచెరా దాన్ని పూర్తిచేశారు. పద్ధతిగా చేసిన పని, కాదనడానికి వీలులేదు. కాని అందులో పద్యం లేదు, నాటకం లేదు. సగానికి మించి సంభాషణలున్న కథాభాగాన్ని తీసుకోలేదు. అచ్చు కాని మాటకు అసలే చోటులేదు. దాని పేరు మాత్రం 'వర్తమాన అమెరికన్ ఇంగ్లీషు'. ఆ సంవత్సరంలో దక్షిణాది పత్తిచేలలో నీగ్రో కూలీలు మాట్లాడిన ఇంగ్లీషు కూడా వర్తమాన అమెరికన్ ఇంగ్లీషే.

తర్వాత వచ్చిన కార్పస్‌లు ఈ లోటును కొంత గుర్తించాయి. 1994లో పూర్తయిన బ్రిటిష్ జాతీయ కార్పస్‌లో పదికోట్ల మాటలున్నాయి. వాటిలో కోటి మాటలు నోటితో మాట్లాడినవి. మనుషులు తమ జీవితంలో రాసేదానికంటే మాట్లాడేది ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా కార్పస్‌లో మాట పదోవంతుకే పరిమితమైంది. మాటను రికార్డుచేసి, విని, రాతలోకి ఎక్కించడానికయ్యే ఖర్చే దానికి ముఖ్య కారణం. భాషలో ఏ భాగం శాస్త్రానికి అందాలో ఇక్కడ ఖర్చు నిర్ణయించింది.

మన దేశంలో కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయంలో ఎస్.వి.శాస్త్రి నాయకత్వాన, 1978లో అచ్చయిన భారతీయ ఇంగ్లీషు రచనలతో పదిలక్షల మాటల కార్పస్ తయారైంది. భారతీయ భాషలకు కార్పస్‌లు తయారుచేసే పథకాన్ని కేంద్రప్రభుత్వం 1991లో ప్రారంభించింది. మైసూరులోని భారతీయ భాషల కేంద్రసంస్థ ద్రావిడ భాషల బాధ్యత తీసుకుంది. ఒక్కొక్క భాషకు సుమారు ముప్ఫై లక్షల మాటలు. 1981–90 మధ్య అచ్చయిన రచనలే దానికి ఆధారం. తెలుగుకు ఇది మంచి ఆరంభమే. అయితే అచ్చయిన తెలుగు ఎవరి తెలుగు? నాగలి పట్టినవాడికి మేడి, కర్రు, కాడి అన్న మాటలు రోజువారీ మాటలు. మగ్గం ముందు కూర్చున్నవాడికి పడుగు, పేక, నాడె అన్నవి అన్నంతో సమానమైన మాటలు. వార్తాపత్రికల కార్పస్‌లో ఇవి అరుదైన మాటలు. అప్పుడు యంత్రం తయారుచేసే పట్టికలో 'ముఖ్యమంత్రి' తెలుగువాళ్ళ ప్రధాన పదమవుతుంది. 'కర్రు' ఎక్కడో అడుగున పడివుంటుంది. లెక్క తప్పు కాదు. లెక్కించిన కుప్పలో రైతు లేడు.

ఇక్కడ మన భాషలోనే ఇంతకుముందు జరిగిన పనిని గుర్తుచెయ్యాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ వృత్తిపదాల మాండలిక కోశాన్ని, 1971లో చేనేత పదాల కోశాన్ని ప్రచురించింది. ఆ మాటలను సేకరించింది గ్రంథాలయంలో కాదు. పరిశోధకులు జిల్లాలు తిరిగి, ఆయా వృత్తులవాళ్ళను అడిగి, ఒకే వస్తువుకు ఏ ప్రాంతంలో ఏ పేరుందో రాసుకున్నారు. అంతకు చాలా ముందు గిడుగు రామమూర్తి, వ్యావహారిక భాషకోసం పోరాడినప్పుడు, వ్యాకరణం ఏమంటున్నదని ఆగిపోలేదు. శాసనాలు, తాళపత్రాలలోని వ్యాఖ్యానాలు, పూర్వకవుల ప్రయోగాలు వెతికి, మనుషులు నిజంగా ఎట్లా రాశారో సాక్ష్యాలు పోగుచేశారు. నిబంధనకు ప్రయోగంతో జవాబు చెప్పడమన్నది కార్పస్ భాషాశాస్త్రానికి పునాది అయితే, ఆ పునాది మనకు కొత్తదేమీ కాదు. కొత్తది యంత్రం ఒక్కటే.

5

ఇంగ్లీషుకోసం తయారైన పద్ధతిని తెలుగుకు ఉన్నదున్నట్లు తగిలిస్తే ఏమవుతుందో ఇప్పుడు చూడాలి. ఇంగ్లీషులో రెండు ఖాళీల మధ్య వున్నది మాట అనుకుంటే పెద్ద ప్రమాదం లేదు. తెలుగులో 'వస్తున్నానన్నాడు' అన్నది ఒక మాటా, రెండు మాటలా? 'వస్తాను, వచ్చాను, రాను, రావాలి' అన్నవి ఒకే క్రియ అని మనకు తెలుసు. యంత్రానికి చెబితే తప్ప తెలియదు. 'ఉన్నది' అని ఒకరు, 'వున్నది' అని ఒకరు రాస్తే అది రెండు మాటలుగా లెక్కవేస్తుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలోనూ తెలుగు పదరూపాలను విడదీసే సాధనాలకోసం చాలాకాలంగా కృషి జరిగింది. ఆ కృషి తెలియకుండా, దొరికిన సాఫ్ట్‌వేరులో తెలుగు పాఠం పోసి పట్టికలు తియ్యడం విద్యార్థికి మేలుచెయ్యదు.

ఇది సాంకేతికమైన చిక్కు మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. విమర్శలోని అసలు ప్రశ్న ఇక్కడే వుంది. భావకవి 'నేను' అన్నాడు, అభ్యుదయకవి 'మనం' అన్నాడు — ఇది మన తరగతి గదులలో దాదాపు సామెత అయిపోయిన మాట. దీన్ని పరీక్షిద్దామనుకున్న విద్యార్థి 'నేను' ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాడనుకోండి. ఆ లెక్క తప్పు. తెలుగులో 'పోతాను' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు. కర్త క్రియ చివర దాక్కుంటాడు. కాబట్టి సర్వనామాన్ని కాక క్రియాంతాన్ని లెక్కించాలి.

సరే, క్రియాంతాలను లెక్కించాడు. 'పోతాం' దగ్గర మళ్ళీ ఆగాలి. అది 'మనం పోతాం'ా, 'మేం పోతాం'ా? ఇంగ్లీషులో ఈ భేదం లేదు. ఒక్క 'ఉయ్' తోనే సరిపోతుంది. తెలుగులో 'మనం' అంటే వినేవాడు కూడా కలిశాడు. 'మేం' అంటే వినేవాడు అవతల నిలబడ్డాడు. కూలీల గురించి రాసే కవి ఎవరితో మాట్లాడుతున్నాడు? కూలీలతో కలిసి 'మనం' అంటున్నాడా? పాఠకులైన మధ్యతరగతివాళ్ళతో కలిసి 'మనం' అంటూ, కూలీలను 'వాళ్ళు'గా చూస్తున్నాడా? లేక కూలీల గొంతుతో పాఠకుడికి ఎదురుగా నిలబడి 'మేం' అంటున్నాడా? ఈ మూడూ మూడు రాజకీయ స్థానాలు. క్రియాంతం ఈ భేదాన్ని చెప్పదు. 'పోతాం' వచ్చిన ప్రతి చోటా పద్యాన్ని చదివి, మనిషే నిర్ణయించాలి.

1950లో వెలువడిన 'మహాప్రస్థానం' మొదలుకొని ఆ తర్వాతి అభ్యుదయ కవితా సంపుటాలను ఈ దృష్టితో వరసగా పరిశీలిస్తే, 'మనం' ఎవరు అన్న ప్రశ్నకు మన కవులు దశాబ్దం తర్వాత దశాబ్దం ఏం జవాబు చెప్పారో తెలుస్తుంది. యంత్రం చోట్లు చూపిస్తుంది, ఏదీ వదిలిపెట్టకుండా చూపిస్తుంది. మనకు నచ్చిన పద్యాలను ఏరుకుని, నచ్చనివాటిని మరిచిపోయే అవకాశం మనకు ఇవ్వదు. ఈ నిర్బంధమే దానివల్ల విమర్శకుడికి కలిగే పెద్ద మేలని నా అభిప్రాయం.

నాటకానికీ నవలకూ కూడా ఇదే వర్తిస్తుంది. 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. తిరగరాసిన రూపం 1909లో వచ్చింది. గిరీశానికి ఎన్ని మాటలు, మధురవాణికి ఎన్ని, బుచ్చమ్మకు ఎన్ని? రెండు కూర్పుల మధ్య ఈ నిష్పత్తి ఎట్లా మారింది? ఇది ఒక ఎం.ఏ. విద్యార్థి ఒక సెలవులలో తేల్చగల పని. మాటలు తక్కువైనంత మాత్రాన పాత్ర చిన్నదని చెప్పకూడదు. ఎవరికోసం సంస్కరణ జరగాలో వారికే నోరు లేకపోవడం ఆనాటి సమాజపు నిజం కావచ్చు, రచయిత పరిమితి కావచ్చు. ఆ మౌనం ఎంతో లెక్క చెబుతుంది. దానికి కారణమేమిటో విమర్శకుడు చెప్పాలి. అదేవిధంగా, ప్రజల భాషలో రాశారని మనం మెచ్చుకునే నవలలలో కథనం ఒక భాషలోనూ, పేదల సంభాషణలు మరో భాషలోనూ వుంటే, మొత్తం మాటలలో పేదవాళ్ళ నోట వచ్చినవెన్ని? ఈ ప్రశ్న మనకు ఇబ్బంది కలిగించవచ్చు. ఇబ్బంది కలిగించని ప్రశ్నలతో విమర్శ ముందుకు పోదు.

6

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణను ఎదుర్కోవాలి. ఫ్రాంకో మొరెట్టి 2000లో 'న్యూ లెఫ్ట్ రివ్యూ'లో రాస్తూ, దూరంనుంచి చదవడమనే భావాన్ని ప్రతిపాదించాడు. పందొమ్మిదో శతాబ్దంలో వేలకొద్దీ నవలలు అచ్చయితే మనం చదివేది గుప్పెడు. ఆ గుప్పెడునే సాహిత్యమంటున్నాం. మిగతావాటిని కూడా లెక్కలోకి తెస్తేనే సాహిత్యచరిత్ర అవుతుందని ఆయన వాదం. శిఖరాలనే గాక నేలను కూడా చూడాలనే ఈ దృష్టి వామపక్ష పాఠకులను ఆకర్షించడం సహజమే. కాని 2019లో నాన్ జెడ్. దా అనే విమర్శకురాలు 'క్రిటికల్ ఇన్‌క్వైరీ' పత్రికలో దీనిమీద తీవ్రమైన దాడిచేసింది. కంప్యూటరు విమర్శలో గట్టిగా నిలిచే ఫలితాలు అంతకుముందే అందరికీ తెలిసినవనీ, కొత్తగా కనిపించే ఫలితాలు పరీక్షకు నిలవవనీ ఆమె వాదన సారాంశం.

ఈ దాడిలో న్యాయం వుంది. రంగురంగుల గీతలు వేసి, దుఃఖాంత కావ్యంలో దుఃఖపదాలు ఎక్కువని కనిపెట్టే వ్యాసాలు లేకపోలేదు. ఆ మాట చెప్పడానికి యంత్రం ఎందుకు? అయితే తెలిసినదాన్ని రుజువు చెయ్యడం వృథా అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. అందరికీ తెలుసునని మనమనుకునేవాటిలో ఎన్ని నిజంగా తెలిసినవి, ఎన్ని ఒకరినుంచి ఒకరు అరువు తెచ్చుకున్నవి అన్నది తేలాలంటే పరీక్ష తప్పదు. మొరెట్టి ఆశయంలో కూడా ఒక లోటు వుంది. గ్రంథాలయంలో మిగిలిన పుస్తకాలన్నీ చేర్చినా, అవి ఒకప్పుడు ఎవరో అచ్చువేసినవి, ఎవరో దాచినవి. పాటగా వుండిపోయింది, రాత రానివారు చెప్పుకున్నది అందులోకి రాదు. దూరంనుంచి చూసినా, చూసేది కోటగోడ లోపలి నేలనే.

పరిమాణం పెరిగి ఒక దశలో గుణంగా మారుతుందన్న సూత్రాన్ని మనం తరచు ఉదహరిస్తాం. ఆ సూత్రాన్ని ఇక్కడ యాంత్రికంగా వాడకూడదు. ఒక మాట వందసార్లు వచ్చినంతమాత్రాన కావ్యానికి అది ప్రాణం కాదు. ఒకేసారి వచ్చిన మాటవల్ల కావ్యం మొత్తం మలుపు తిరగవచ్చు. ఆ ఒక్కటి ఒక్కటేనని చూపించడం లెక్క పని. అది ఎందుకు ఒక్కటే అయిందో, ఆ ఒక్కటి ఎందుకు అంత బలమైనదైందో చెప్పడం విమర్శకుడి పని.

7

ఈ విద్యను మన ఎం.ఏ. తరగతులలో ఎట్లా బోధించాలి? ముందుగా పనిముట్ల సంగతి. ఆంట్‌కాంక్ వంటి సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. పదుల వేల రూపాయల ఖర్చు అక్కర్లేదు. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపి 1991 నుంచీ వుంది. అయినా మన ప్రచురణ సంస్థలు ఏళ్ళ తరబడి పాత డీటీపీ ఫాంట్లలో అక్షరాలు కూర్చినందువల్ల, ఆ పుస్తకాలు తెరమీద తెలుగుగా కనిపిస్తాయి గాని యంత్రానికి తెలుగు కావు. వాటిని మార్చుకోవాలి, లేదా మళ్ళీ టైపు చెయ్యాలి. ఈ పని చేసిన విద్యార్థుల పేర్లు ప్రతి కార్పస్ మొదటి పుటలో వుండాలి. గల్లరాతె యువతులకు జరిగింది మన పిల్లలకు జరగకూడదు.

తర్వాత పాఠ్యప్రణాళిక. మొదటి నెల యంత్రం ముట్టుకోనక్కర్లేదు. ఒక కావ్యంమీద విమర్శకులు చేసిన పది వ్యాఖ్యలు తీసుకుని, వాటిలో లెక్కతో పరీక్షించదగినవి ఏవి, పరీక్షించ వీలులేనివి ఏవి అని విడదీయడం నేర్పాలి. రెండో మెట్టు, చిన్న పాఠాన్ని చేత్తోనే లెక్కించడం. అప్పుడుగాని 'మాట' అంటే ఏమిటో నిర్ణయించడంలో వున్న కష్టం తెలియదు. మూడో మెట్టులో యంత్రం. చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రతి పట్టిక కిందా విద్యార్థి రెండు వాక్యాలు రాయాలి: ఈ సంచయంలో ఎవరు లేరు? వారుంటే ఈ ఫలితం ఎట్లా మారవచ్చు?

ఈ ప్రశ్న ఇక తరగతి గదికి పరిమితమైనది కాదు. 2022 చివరినుంచి, మనుషుల్లాగా వాక్యాలు అల్లే యంత్రాలు జనసామాన్యం చేతికి వచ్చాయి. అవి తెలుగు కూడా రాస్తున్నాయి. కోట్లకొద్దీ మాటల సంచయాలనుంచి అవి భాష నేర్చుకున్నాయి. ఆ సంచయాలు పెద్ద కంపెనీల సొత్తు. వాటిలో తెలుగు వాటా స్వల్పం. రేపు మన పిల్లలకు ఉత్తరమూ, దరఖాస్తూ, పాఠమూ రాసిపెట్టే తెలుగు ఏ జిల్లాది, ఏ వృత్తిది, ఏ కులానిది అన్న ప్రశ్న ఇవాళే వేసుకోవాలి. గిడుగువారి కాలంలో పండితులు గ్రాంథికాన్ని ప్రమాణమన్నారు. వాదించడానికి ఎదురుగా మనిషి వున్నాడు. యంత్రం ఏ ప్రమాణాన్నీ ప్రకటించదు. తనకు దొరికిన తెలుగును తిరిగి మనకే వడ్డిస్తుంది, మనం దాన్నే తెలుగనుకుంటాం.

అందుచేత మన పత్రికలూ, ఉపాధ్యాయులూ, విద్యార్థులూ చెయ్యగల పని ఒకటి వుంది. రచయిత మరణించిన అరవై ఏళ్ళకు అతని రచనలమీద హక్కులు మన చట్టం ప్రకారం తీరిపోతాయి. అట్లా తీరిపోయినవాటినీ, బతికున్న రచయితలు అనుమతించినవాటినీ, శిథిలమవుతున్న పాత పత్రికల సంచికలనూ శుద్ధంగా టైపు చేసి, ఎవరైనా వాడుకునేట్లు వుంచాలి. దానితోపాటు ప్రతి కళాశాలనుంచి పదిమంది విద్యార్థులు తమ ఊళ్ళకు వెళ్ళి, చేలో, మగ్గం దగ్గర, బీడీలు చుట్టే వసారాలో, బేల్దారి పనిలో జనం మాట్లాడుకునే మాటలను వాళ్ళ అనుమతితో రికార్డుచేసి, విన్నది విన్నట్టు రాయాలి. శుద్ధిచెయ్యకూడదు, వ్యాకరణం దిద్దకూడదు. ఒక గంట మాటను రాయడానికి పది గంటలు పట్టవచ్చు. ఆ పది గంటలు పెట్టడానికి ఏ కంపెనీకీ లాభం లేదు గనక, అది మనమే చెయ్యాలి.